జీపుకు ముందు నడిచే మనిషి

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఓరిన్ టెస్‌డాల్ ఆ దశ దాటి చాలా ఏళ్ళయింది. ఆయన జీపు పంతొమ్మిది వందల నలభై ఏడులో పుట్టింది, ఆయన అంతకు మూడేళ్ళ తర్వాత పుట్టాడు. ఇద్దరిలో ఎవరికి నొప్పి వచ్చినా రెండోవాళ్ళు మూలుగుతారని ఊళ్ళో అనుకుంటారు. గనులు మూతబడ్డ కొలరాడో కొండ ఊళ్ళలో ఇలాంటి ముసలాళ్ళు వీధికొకరు ఉంటారు కాబట్టి అదేం వింత కాదు. కాకపోతే మిగతావాళ్ళు పాత బండికి కొత్త సామాను బిగించుకుని హాయిగా తిరుగుతారు. ఓరిన్‌కు అలా కుదరదు. బోల్టు దగ్గర్నుంచి ఆనాటిదే కావాలి.

ఆ ఆగస్టు మొదట్లో పాత సామాన్ల సంతలో ఆయనకొక అట్టపెట్టె దొరికింది. అందులో బ్రేకు రబ్బరు పైపు ఒకటి, జీపు తయారైన ఏడాదే తయారైనది, ఎవరూ వాడనిది. ఇంటికి తెచ్చి, చేతులు కడుక్కుని మరీ వంటింటి బల్ల మీద విప్పాడు.

"చూడు ఆర్డీ. సరికొత్తది. డెబ్బై అయిదేళ్ళుగా ఒక్కడు ముట్టుకోలేదు."

ఆయన భార్య ఆర్డిస్ దాన్ని తీసుకుని వంచి చూసింది. వంచిన చోట ఎండిన రొట్టె అంచులా చిటపటమంది.

"ఇది పగిలేట్టుందే."

"అది పొడి. పెట్టెలో ఉండుండి పట్టింది."

"కొత్తదంటావు, నాకంటే పెద్దది కదా ఇది."

"వాడని వస్తువుకు వయసేమిటి?"

ఏమిటేమిటి, రబ్బరుకు వయసు లేదా? ఊరికే పడి ఉన్నంత మాత్రాన మనిషి ముసలివాడు కాకుండా పోతాడా? బడికి పోయే పిల్లాణ్ణడిగినా చెబుతాడు. కానీ ఓరిన్ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. బాగా పనిచేస్తున్న పైపును పీకి పారేసి, ఆ సాయంత్రమే దాన్ని బిగించేశాడు.

పక్కింటి వెర్న్ నలభై ఏళ్ళు బడి బస్సులు బాగుచేసినవాడు. ఆ సంగతి తెలిసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఒరేయ్, నీ జీపులో నాలుగు చక్రాల బ్రేకులకూ ఆయిల్ పోయే దారి ఒక్కటే. ఎక్కడ చిల్లిపడినా నాలుగూ పోతాయి. ఇప్పుడు రెండు అరల సిలిండర్లు వస్తున్నాయి, ఒకటి పోతే రెండోది పట్టుకుంటుంది. శనివారం వచ్చి బిగించి పోతాను, ఆర్డిస్ కాల్చే ఆపిల్ పై రొట్టె ఒకటి పడేయ్, చాలు."

"నేను చచ్చాక బిగించుకో."

"నువ్వు చస్తే చచ్చావు. బండికి ముందు నడిచేది ఆర్డిస్ కదరా."

ఓరిన్ నవ్వేశాడు. ఆర్డిస్ కూడా నవ్వింది, కానీ ఆమె నవ్వు ముందే ఆగిపోయింది.

వెర్న్ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ కొండదారుల్లో బండి తోలేవాడికి తన ముందు చక్రాలు తనకు కనిపించవు. ఒకరు దిగి, బండికెదురుగా నిలబడి వెనక్కి వెనక్కి నడుస్తూ, ఏ రాయి మీద ఏ చక్రం వేయాలో చేతులతో చెప్పాలి. ముప్ఫై అయిదేళ్ళుగా ఓరిన్ జీపుకు ముందు అలా నడుస్తున్నది ఆర్డిస్. కళ్ళు చక్రాల మీద, వీపు ఎటు పోతే అటు, అన్నమాట.

ఎందుకు నడుస్తుందంటే, ఆమెకు ఆ జీపంటే కృతజ్ఞత. గని మూతబడ్డ ఏడాది ఓరిన్ మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. గడ్డం తీసుకోడు, తిండి సహించదు, పలకరిస్తే కసురుకుంటాడు. తుపాకిని ఆర్డిస్ పుట్టింట్లో దాచింది. ఆ చలికాలంలో ఒకరోజు ఆయన లేచి, తండ్రి వదిలిపోయిన జీపున్న షెడ్డులోకి పోయి తలుపేసుకున్నాడు. ఈమె గుండె చేత్తో పట్టుకుని పరుగెత్తితే, లోపల ఆయన బండి కింద పడుకుని ఈల వేస్తున్నాడు. ఆమె మంచులో నిలబడే ఏడ్చింది.

"దీంట్లో దాపరికం లేదు ఆర్డీ," అన్నాడు ఆయన ఆ రాత్రి, తిండి తింటూ. "పాడైతే ఎక్కడ పాడైందో కనిపిస్తుంది. బాగుచేస్తే బాగవుతుంది. లోకంలో ఇంకేదీ అలా లేదు."

ఉద్యోగం పోయిన మగవాడికి ఆ మాట ఎంత బలమో అనుభవించినవాడికే తెలుస్తుంది. అందుకే మొగుణ్ణి తిరిగిచ్చిన ఆ ఇనుముకు ఆమె ముప్ఫై అయిదేళ్ళు ఊడిగం చేసింది. ఒక్క ప్రశ్న మాత్రం అప్పుడప్పుడూ మనసులో మెదిలేది: నేనా, ఇదా అన్న రోజు వస్తే ఈయన చెయ్యి ముందు ఎటు పోతుంది? ఛీ, మనిషికీ బండికీ పోటీ ఏమిటని తన్ను తానే తిట్టుకునేది.

పాత జీపుల వాళ్ళంతా కలిసి కనుమ దాటే రోజు వచ్చింది. అవతలి ఊళ్ళో భోజనాలు, అచ్చంగా నాటి రూపంలో ఉన్న బండికి బహుమతిగా ఒక ఇత్తడి పలక. మిగతావాళ్ళు పెందలాడే వెళ్ళిపోయారు. ఓరిన్ జీపు, దాని వెనక వెర్న్ జీపు ఆఖరున బయలుదేరాయి.

మొదటి చిన్న దిగుడులోనే ఆర్డిస్‌కు అనుమానం తగిలింది. ఓరిన్ బ్రేకు మీద కాలు వేసి, తీసి, మళ్ళీ వేశాడు.

"రెండుసార్లు తొక్కావేం?"

"కొత్త పైపు కదా, సర్దుకోవాలి."

"పొద్దున ఒక్కసారికే పట్టింది."

"నువ్వు నా కాళ్ళు చూడ్డం మాని కొండలు చూడు."

కొండల మీద మబ్బులు దిగుతున్నాయి. కనుమ మీద ఆగి శాండ్‌విచ్‌లు తిన్నారు. వెర్న్ బండరాళ్ళ చాటుకు వెళ్ళాడు. ఆర్డిస్ గడ్డికి చెయ్యి తుడుచుకోవడానికి వంగినప్పుడు ఎడమ ముందు చక్రం లోపలివైపు తడి మెరిసింది. వేలితో అద్ది వాసన చూసింది. బ్రేకు ఆయిల్.

"ఓరిన్, కారుతోంది."

"మొన్న పోసేటప్పుడు ఒలికిందిలే." అని ఆయన జేబురుమాలు తీసి తుడిచేశాడు. తుడుస్తున్నంతసేపూ ఆమె మొహం చూడలేదు.

"వెర్న్‌కు చెబుదామా?"

"చెప్పు. చెబితే ఈ ఏడాదంతా ఊరందరి ముందూ నన్ను కాల్చుకు తింటాడు."

అప్పుడే చెప్పాల్సింది. తర్వాత్తర్వాత ఆమె ఆ మాట ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు. వెర్న్ పాంటు సర్దుకుంటూ తిరిగొచ్చి, "ఏమిటి గుసగుసలు?" అన్నాడు. మొగుడి పరువు తీయడం ఇష్టంలేక ఆర్డిస్ ఏం లేదంది. చెప్పకుండానే దిగుడు మొదలుపెట్టారు.

అవతలి వైపు దారిని గాడిద మలుపులంటారు. గనిరాయి మోసే గాడిదల కోసం తొలిచిన దారి అది. కుడివైపు నిట్టనిలువు కొండ, ఎడమవైపు ఏమీ లేదు. అక్కడ తోలేవాళ్ళందరికీ మొదటిరోజే నేర్పే పాఠం ఒకటుంది: బ్రేకు పోతే ఆలోచించకు, కొండకేసి కొట్టు. బండి పోతే పోతుంది, ప్రాణాలుంటాయి.

రెండు మలుపులు బాగానే దిగారు. మూడో మలుపు తర్వాత వానలకు కోసుకుపోయి దారి మెట్లు మెట్లుగా ఉంది. ఆర్డిస్ దిగి ముందు నిలబడింది. ఎక్కడో ఉరిమింది.

"కుడికి. ఇంకాస్త. ఆ రాయెక్కించు. చాలు, రా."

జీపు మొదటి గేరులో నత్తలా దిగుతోంది. దానికి దిగుడులో గేరు జారిపోయే జబ్బుంది. అందుకే ఓరిన్ గేరు కర్రను మోకాలితో అదిమి పట్టి తోలతాడు. గేరుపెట్టె మార్పించు మహానుభావా అని ఎవరన్నా అంటే, మా నాన్న కూడా మోకాలితోనే పట్టేవాడంటాడు. ముందు చక్రాలు రాతి మెట్టు మీంచి దభీమని పడ్డాయి. ఆ కుదుపుకు మోకాలు జారింది, గేరు ఊడింది. ఓరిన్ బ్రేకు తొక్కాడు. కాలు నేలదాకా పోయింది. మళ్ళీ తొక్కాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు, అది ఏనాడు పట్టింది గనక?

ఆమెకు ముందు తెలిసింది శబ్దం వల్ల. ఇంజను మోత తగ్గి చక్రాల కింద కంకర మోత పెరిగింది. జీపుకూ ఆమెకూ మధ్య ఇరవై అడుగులు. పక్కకు తప్పుకుందామంటే ఒకవైపు కొండ, ఒకవైపు అగాధం, మధ్యలో దారి జీపుకే సరిపోయేంత.

"కొండకేసి కొట్టరా" అని వెనక నుంచి వెర్న్ అరుపు.

ముందు అద్దం లేని ఆ జీపులో ఓరిన్ మొహం ఆమెకు స్పష్టంగా కనిపించింది. ఆయన కళ్ళు కుడి మడ్‌గార్డు మీదికి పోయాయి. తండ్రి నాటి ఇనుము, డెబ్బై అయిదేళ్ళుగా ఒక్క సొట్ట పడనిది. కళ్ళు అక్కడ ఆగాయి. ఆగి, తర్వాత ఆర్డిస్ మీదికి వచ్చాయి. అప్పుడు తిరిగాయి చేతులు.

జీపు కొండకు కొట్టుకుని, రాపిడికి రాళ్ళు రాలుస్తూ ఇంకాస్త ముందుకు జారి ఆగింది. ఆ ఇంకాస్తలోనే ఆర్డిస్ ఉంది. బంపరు ఆమె ఎడమ తొడను కొండకు అదిమింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది.

ఓరిన్ పసిపిల్లాడిలా ఏడ్చాడు. అబద్ధం ఏడుపు కాదది. ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, వాన పడుతుంటే తన చొక్కా విప్పి కప్పి, ఒకటే మాట అన్నాడు: "ఆలోచించలేదు ఆర్డీ. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తిప్పేశాను."

వెర్న్ ఊళ్ళో అదే చెప్పాడు. అంత ప్రేమించిన బండిని పెళ్ళాం కోసం కొండకేసి కొట్టాడని, మనిషంటే వాడని. చర్చిలో జనం ఓరిన్ భుజం తట్టారు. ఆర్డిస్ ఆసుపత్రి మంచం మీంచి అందరి మాటలూ విని, అందరికీ తలూపింది.

ఫిబ్రవరిలో ఆమె చేతికర్ర పట్టుకుని షెడ్డు దాకా నడిచింది. ఓరిన్ మడ్‌గార్డును సుత్తితో కొట్టికొట్టి మళ్ళీ యథాస్థితికి తెచ్చాడు. బండి కింద నుంచి బయటికి వచ్చి, సిగ్గుపడుతూ చెప్పాడు.

"వెర్న్ చెప్పిన సిలిండరే వేశాను. పైపులన్నీ ఇప్పటివే. గేరుపెట్టె కూడా మార్చాను. అచ్చం నాటిది కాదిక, పలక రాదు. నీకోసమే."

చేతులు కాలాక ఆకులు. అయినా ఆయనకది చిన్న త్యాగం కాదని ఆమెకు తెలుసు.

"మంచిది," అంది.

"జూన్‌లో మంచు కరగ్గానే మెల్లగా వెళ్దాం. నీ కాలు కూడా అప్పటికి కుదురుకుంటుంది. నువ్వు ముందుంటేగాని నాకు తోలబుద్ధి కాదు."

"వెళ్దాం. ఈసారి ముందు నువ్వు నడు. నేను తోలతాను."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

"నువ్వెప్పుడూ ఆ దారిలో తోలలేదుగా ఆర్డీ."

"బ్రేకులు మంచివన్నావుగా. భయమేముంది?"

ఓరిన్ గుడ్డ తీసుకుని ఒక్కో వేలే తుడుచుకున్నాడు. తుడవడానికేమీ మిగలలేదు, అయినా తుడుస్తూనే ఉన్నాడు. తలెత్తకుండా అడిగాడు.

"చూశావా ఆ రోజు?"

"చూశాను."

"ఎంతసేపు... నేను..."

"నా కాలు విరిగేటంతసేపు," అంది ఆర్డిస్.