చీనా తాత ఇచ్చిన కొమ్మ

పెడన నేతగాడు సత్యం రంగూన్‌లో లుంగీలు అమ్ముకునేవాడు. జపాను వాళ్ల బాంబులు పడ్డ ఏడాది అందరితో పాటు కాలినడకన బయల్దేరి, ఎలాగో బతికి ఇల్లు చేరాడు. ఆ నడక గురించి ఎవరడిగినా మాట తప్పించేవాడు.

రెండేళ్ల తర్వాత భార్య రావమ్మతో దుర్గమ్మ దర్శనానికి బెజవాడ వచ్చాడు. కొండ దిగి వస్తుంటే గ్రంథాలయం గోడ మీద కాగితం కనబడింది: ‘చీనా సాహిత్య చరిత్ర. ఉపన్యాసం: అచ్యుతరామారావు గారు.’

“మనకెందుకయ్యా ఆ గొడవ?” అంది రావమ్మ.

“కాసేపు కూచుందాం రా.”

అచ్యుతరామారావు కాలేజీ మేష్టారు. పల్లెల్లో పాడుకున్న పాటలు వేల ఏళ్ల కిందటే ఎలా గ్రంథమయ్యాయో, పద్యం రాయడం వస్తేనే రాజుగారి కొలువు ఎలా దొరికేదో చెప్పుకొచ్చారు. సత్యానికి సగం తలకెక్కింది, సగం ఎక్కలేదు.

“స్నేహితుణ్ణి సాగనంపడమంటే వాళ్ల కవులకు ప్రాణం. ఏటి ఒడ్డు చెట్టు కొమ్మ విరిచి, వెళ్లేవాడి చేతిలో పెట్టేవారు. ఆ చెట్టు పేరూ, ‘ఉండిపో’ అనే మాటా వాళ్ల భాషలో ఇంచుమించు ఒకేలా పలుకుతాయట” అన్నారు మేష్టారు.

సత్యం దిగ్గున లేచాడు. “అయ్యా, నాకూ ఇచ్చాడండీ! నేను పళ్లు తోముకున్నానండీ!”

సభంతా గొల్లున నవ్వింది. మేష్టారు మాత్రం నవ్వలేదు. “ఎవరిచ్చారు? ఇలా వచ్చి చెప్పండి” అని తన పక్కన నిలబెట్టుకున్నారు.

సత్యం చెప్పాడు. బర్మా కొండల్లో చలిజ్వరంతో దారి పక్కన పడిపోతే తోటివాళ్లే దాటిపోయారు. ముసలి చీనావాడొకడు ఆగాడు. తన మూటలోని బియ్యం గంజి కాచి పోశాడు. పదకొండు రోజులు భుజం ఆసరా ఇచ్చి నడిపించాడు. ఒకరి మాట ఒకరికి రాదు. పొద్దుగూకితే ఏదో పద్యంలా రాగం తీసేవాడు. అది వింటూ పడుకుంటే సత్యానికి అడవిలో ఉన్నట్టే అనిపించేది కాదు. కొండలు దాటాక రైలు దగ్గర విడిపోయేటప్పుడు పక్కనున్న చెట్టు కొమ్మ విరిచి చేతిలో పెట్టాడు.

“పందుంపుల్ల అనుకుని ఆయన ముందే నమిలానండీ. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నవ్వాడు. ఉండిపొమ్మన్నాడన్నమాట! మీరు చెప్పబట్టి ఇవాళ తెలిసింది. మీ మేలు మర్చిపోనండీ.”

“నేను పుస్తకంలో చదివిందే చెప్పాను. మీకు చేతికే అందింది” అంటూ మేష్టారు సత్యం చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు.

బయటికి వచ్చాక రావమ్మ కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

“ఆ చీనా ఆయన పేరేంటయ్యా?”

“తెలీదే. తాతా అని పిలిచేవాణ్ణి. పలికేవాడు.”

రావమ్మ రోడ్డు వారన ఆగి, తూర్పు వైపు తిరిగి చేతులెత్తింది. “ఎక్కడున్నావో ఏమో, చల్లగా ఉండు తాతా. నా పసుపూ కుంకుమా నీ చలవే.”

సత్యం కూడా చెప్పులు విడిచి ఆమె పక్కనే నిలబడి దండం పెట్టాడు.