కొక్కేల పెట్టె

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ పూర్తిగా నా మాట వినవు. ఈ నాలుగు కాగితాలు రాయడానికి ఇరవై రోజులు పట్టింది. పక్కన కూర్చుని దిద్దే మనిషి ఇప్పుడు లేడు. తప్పులు కనిపిస్తే మీరే సర్దుకుని చదువుకోండి. ఇక కథ.

విమానాశ్రయంలో సామాను తూచే బల్ల దగ్గరి అమ్మాయి రేకు పెట్టెను వేలితో చూపించి, ఇది మీతో లోపలికి రాదంది.

భర్తతో ప్రయాణానికి వచ్చిన ఆమె ఆ పెట్టెను ఇంటి దగ్గర్నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. అందులో కొక్కేలున్నాయి. మగ్గం మీదికి కొత్త పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కించేటప్పుడు, అచ్చు అనే పొడవాటి దువ్వెన సందుల్లోంచి ఒక్కో దారాన్నీ లాగే సన్నని ఇత్తడి కొక్కేలు. మొన ఉన్న వస్తువేదీ మనిషితో పాటు పైకి ఎక్కకూడదట, అడుగున సామాన్లతో పోవాలట. అంతమాత్రం చెప్పి ఆ అమ్మాయి పెట్టె చెవికి కాగితప్పట్టీ చుట్టేసింది.

“ఒక్క నిమిషం. అందులోంచి ఒక గుడ్డ తీసుకోవాలి,” అంది ఆమె.

“చేతిలో ఒకటుంది, మెడలో ఒకటుంది. ఇంకో గుడ్డతో విమానం తుడుస్తావా?” అన్నాడు భర్త.

వెనక వరసలో వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపు పెట్టె నల్లటి పట్టా మీద కదిలి, రబ్బరు తెరలు తోసుకుని అవతలికి పోయింది. ఆమె పట్టా వెంట ఒక అడుగు వేసి ఆగింది. ఆ గుడ్డలో ఆమె మూడు అట్టల మాత్రలు దాచింది.

ఆమెకి నెల తప్పింది, కడుపు అప్పటికి ఏడు వారాలు. భర్తకి తెలియదు.

తెలియనివ్వకపోవడానికి కారణముంది. అతన్ని వీధిలో రేడియో అంటారు. మంచి మనిషే, చేతిలో పని ఉన్న మనిషే, కానీ నోట్లో మాట నిలవదు. మొదటిసారి కడుపని తెలిసిన రోజే వాళ్ళక్కకి చెప్పాడు, దీపాలు పెట్టే వేళకి వీధంతా తెలిసింది. నెల తిరక్కుండా ఆ కడుపు పోయింది. ఆ తర్వాత ఏడాది పాటు, కనిపించిన ప్రతివాళ్ళూ ఆమె నడుము వైపు ఒకసారి చూసి, అయ్యో పాపం అన్నట్టు చూపు తిప్పుకునేవాళ్ళు. రెండోసారి ఇంకా అన్యాయం. ఊయలకి కొయ్య కూడా కోయించాడు. అదీ పోయింది. ఆ కొయ్యను అటక మీద పడేసి, తిండి మానేసి, పది రోజులు మాటే లేకుండా కూర్చున్నాడు. రేడియో ఆగిపోయిన ఇల్లు ఎంత భయంగా ఉంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. అందుకే ఈసారి మూడు నెలలు నిండేదాకా తన నీడకి కూడా చెప్పకూడదనుకుంది.

డాక్టరమ్మ దగ్గరికి ఒంటరిగానే వెళ్ళింది. ప్రయాణం ఉందని చెప్తే ఆవిడ కాసేపు ఆలోచించి, వెళ్ళొచ్చు గానీ పొద్దునొక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర, ఒక్క పూట కూడా మానకూడదని గట్టిగా చెప్పింది. ఆమెకి చదువు రాదు, భర్తకి వచ్చు. అందుకని మాత్రల డబ్బా చింపి పారేసింది, మందుల చీటీని ఇంట్లో గూట్లో పరిచిన కాగితం కిందికి తోసింది, అట్టల్ని గుడ్డలో చుట్టి కొక్కేల పెట్టె అడుగున దాచింది. వాళ్ళిద్దరికీ చెరో పెట్టె, కొక్కేలు ఆమె దాంట్లో, మిగతా పనిముట్లు అతని దాంట్లో. అతని పెట్టె జోలికి ఆమె పోదు, ఆమె పెట్టె జోలికి అతను పోడు. అంతకన్నా భద్రమైన చోటు ఆమెకి తోచలేదు.

ప్రయాణం మానుకుంటే సరిపోయేదిగా అని మీరనొచ్చు. ఆ పని ఒక్కరు చేసేది కాదు. పరాయి దేశంలో ఒక నేత మిల్లువాళ్ళు పాత పద్ధతి మగ్గాలు రెండు కొన్నారు. సన్న దారం పడుగు ఎక్కించే జంట కావాలని కబురు చేశారు, పన్నెండు రోజుల పని. ఎంతమంది ఉండగా తమనే పిలిచారని అతను పొంగిపోయాడు. రానంటే ఎందుకు రావంటాడు. ఆ ఎందుకుకి జవాబు ఆమె దగ్గర ఒక్కటే ఉంది, అది చెప్పకూడనిది.

విమానంలో పక్కవాళ్ళ పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగుతాడనుకుంటే, అతను తలనొప్పి అని నీళ్ళడిగి తాగి, అన్నం పళ్ళెం వైపైనా చూడకుండా మొద్దు నిద్రపోయాడు. పట్టపగలు అంత నిద్రేమిటో ఆమెకి అర్థం కాలేదు. సాయంత్రం మాత్ర వేళయింది. ఆమె కాళ్ళ కింద, రేకు నేల కింద ఎక్కడో తన పెట్టె ఉందనుకుంటూ చేతులు పొట్ట మీద పెట్టుకుని కూర్చుంది.

దిగాక బట్టల సంచీ వచ్చింది. అతని పెట్టె వచ్చింది. ఆమెది రాలేదు. అక్కడి మనిషి ఒక చీటీ రాసిచ్చి మూడు వేళ్ళు చూపించాడు. మూడు రోజులట.

“మన పెట్టె మనకన్నా నాలుగు ఊళ్ళు ఎక్కువ చూస్తోంది,” అన్నాడు భర్త. ఆమె నవ్వలేదు.

మిల్లు శుభ్రంగా ఉంది. ఎత్తైన కిటికీలు, తెల్ల గోడలు, పక్కనే మెట్లెక్కితే వాళ్ళకిచ్చిన గది. పని చూసుకునే ఆవిడ కళ్ళజోడు గొలుసుకి కట్టి మెడలో వేసుకునేది, అందుకని అతను ఆవిడకి కళ్ళజోడమ్మ అని పేరు పెట్టాడు. వీళ్ళ భాష ఆవిడకి రాదు, ఆవిడది వీళ్ళకి రాదు. అంతా చేతి సైగలే. కొక్కేలు రాని పెట్టెలో ఉండిపోయాయి గనక, మిల్లులోవే ఇనుప కొక్కేలు రెండు తెచ్చిచ్చింది. మొద్దుగా ఉన్నా పనికొచ్చాయి.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. మగ్గానికి వెనక ఆమె, ముందు అతను. మధ్యలో తెల్లటి తెరలా మూడు వేల దారాలు. ముందునుంచి అతని కొక్కెం అచ్చు సందులోంచి దూరి వస్తుంది, ఆమె వరసలోని దారం విడదీసి దాని మెడకి తగిలిస్తుంది, అతను లాగుతాడు. మళ్ళీ కొక్కెం, మళ్ళీ దారం. నలభై దారాలు కాగానే ఆమె కర్ర మీద వేలి కణుపుతో టక్కున కొడుతుంది. లెక్క తప్పలేదని దానర్థం. గంటల తరబడి ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. కొక్కెం కొసలో అతని చెయ్యి ఎలా ఉందో ఆమెకి తెలుస్తుంది, టక్కులో ఆమె ప్రాణం ఎలా ఉందో అతనికి తెలుస్తుంది. పదకొండేళ్ళ కాపురంలో సగం అలాగే గడిచింది.

మొదటి రోజు పెట్టె సంగతి మూడుసార్లు అడిగింది. కళ్ళజోడమ్మ ఫోను చేసి తల అడ్డంగా ఊపింది. “నేను తప్పిపోయినా ఇంత వెతకవు,” అన్నాడు భర్త. మధ్యాహ్నం తిన్నాక మళ్ళీ తలనొప్పి అన్నాడు, దారపు మూటల మీద వాలి గంటసేపు గురకపెట్టాడు.

రెండో రోజు భోజనాల వేళ, కాళ్ళు సాగించి వస్తానని చెప్పి ఆమె ఒక్కతే వీధిలోకి వెళ్ళింది. నాలుగో కొట్టు మందులది. కొట్టులోని పెద్దాయన ఓపికగలవాడు. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి చూపిస్తే అజీర్ణం మందు తెచ్చాడు. కాదని, చేతులతో ఊయల ఊపి చూపించింది. పాలపీక తెచ్చాడు. చిన్నది, గుండ్రనిది, పసుపు రంగు అని వేళ్ళతో చెప్పబోయింది, రంగు ఎలా చెప్పాలో తెలియక గోడ మీది పసుపు బొమ్మని తాకింది. చివరికి ఆయన ఒక కాగితం, కలం ఆమె ముందుకు జరిపి, రాయి అన్నట్టు తల ఊపాడు. ఆమె కలం పట్టుకుంది. పట్టుకుని కాసేపు ఆ తెల్ల కాగితం వైపు చూసింది. తర్వాత కలాన్ని జాగ్రత్తగా కాగితం మీద పెట్టి, దండం పెట్టి బయటికి వచ్చేసింది.

మూడో రోజు పొద్దున, లోపలి బట్ట మీద గోధుమ రంగు మరక కనిపించింది. గోరంత. మొదటిసారీ ఇలాగే మొదలైంది, రెండోసారీ ఇలాగే.

స్నానాల గదిలో గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడింది. బయట అతను తలుపు కొట్టి, లోపల కాపురం పెట్టావా అని అరిచాడు. ఇప్పుడే చెప్పేద్దామనుకుంది. తలుపు తీసేసరికి ఎదురుగా అతని ముఖం వెలిగిపోతూ ఉంది, ఈరోజుతో మొదటి మగ్గం అయిపోతుందని. ఆ వెలుగు ఆర్పాలనిపించలేదు. వెళ్ళి మగ్గం వెనక కూర్చుంది.

నలభై. టక్. నలభై. టక్. మూడో నలభై మధ్యలో నడుములో చిన్న నొప్పి పుట్టి సాగింది. ఆమె చేతులు ఆగిపోయాయి. కొక్కెం సందులోంచి దూరి వచ్చింది. దారం కోసం నిలబడింది. ఒకసారి కదిలింది. మళ్ళీ నిలబడింది.

“ఏమైంది? లెక్క తప్పావా?”

ఆమె నడుము పట్టుకుని కళ్ళు మూసుకుంది.

“ఎప్పుడూ తప్పవే. ఏంటి సంగతి?”

“మీరు ఇటు రాకండి. వస్తే నేను చెప్పలేను,” అంది ఆమె దారాల ఇవతలనుంచి. “నాకు నెల తప్పింది. ఏడు వారాలు దాటింది. నిలవడానికి మాత్రలిచ్చారు. ఆ పెట్టెలో ఉన్నాయి. రెండున్నర రోజులైంది వేసుకోక. పొద్దున మరక కనిపించింది.”

కొక్కెం కదల్లేదు. అవతలనుంచి ఒక్క మాట రాలేదు. ఆ నిశ్శబ్దం ఆమెకి తెలిసిందే, అటక మీద కొయ్య పడేసిన నాటిది. భయంతో దారాల మీద చెయ్యి వేసింది.

“ఏ పెట్టెలో?” అన్నాడు చివరికి.

“నా కొక్కేల పెట్టెలో. గుడ్డలో చుట్టి.”

అడుగుల చప్పుడయింది. రావద్దన్నా వచ్చాడు. ఆమె ముందు గొంతుక్కూర్చుని, చొక్కా లోపలి జేబులోంచి ఒక మాత్రల అట్ట తీసి అరచేతిలో పెట్టాడు. చిన్నవి, గుండ్రనివి, పసుపువి. రెండు గూళ్ళు ఖాళీ.

“బయల్దేరే ముందు నా పాత కొక్కేలు కూడా నీ పెట్టెలో పెడదామని, ఎప్పుడూ లేంది దాన్ని తీశాను. ఇవి కనిపించాయి. ఈ పని చేస్తే నీకు తలనొప్పి వస్తుందిగా, దానివే అనుకున్నా, వెనక రాసింది ఇంగ్లీషు, నాకది రాదు. దారిలో పనికొస్తాయని ఒక అట్ట జేబులో వేసుకున్నా.” కాస్త ఆగాడు. “రెండు నేనే మింగాను. తలనొప్పి తగ్గలేదు. నిద్ర మాత్రం ముంచుకొచ్చింది.”

ఆమెకి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఊరు కాని ఊళ్ళో మందుల కొట్టు ముందు మూగదానిలా నిలబడిన సేపూ, ఆ మాత్రలు పక్క మనిషి గుండెల మీదే ఉన్నాయి. తను నోరు తెరిస్తే చాలు, చేతికొచ్చేవి. నీళ్ళు తెచ్చి మాత్ర వేయించి, అతను అట్ట పట్టుకుని కళ్ళజోడమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఇంటి దగ్గర గోడతోనైనా మాట కలిపే మనిషికి ఇక్కడ ఒక్క ముక్క దొరకలేదు. అట్ట చూపించాడు, భార్యని చూపించాడు, ఖాళీ గూళ్ళు రెండూ తాకి తన నోరు చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అట్ట వెనక అక్షరాలు చదివింది. అంతే. మారు సైగ అక్కర్లేకపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని కారు ఎక్కించింది.

ఆసుపత్రి గది చిన్నది. గోడ గడియారం పెద్దగా కొట్టుకుంటోంది. డాక్టరు పొట్ట మీద చల్లటి జిగురు రాసి, తెర తనవైపు తిప్పుకుని చూడసాగింది. చూస్తూనే ఉంది. ఆమె తెర వైపు చూడలేదు, డాక్టరు కనుబొమ్మలే చూసింది. అవి ముడిపడ్డాయి. భర్త తలవైపు నిలబడి ఆమె భుజం పట్టుకున్నాడు, ఆ వేళ్ళు కొక్కెం పట్టినంత బిగువుగా ఉన్నాయి. ఆమె మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నలభై అయింది. మళ్ళీ నలభై.

అప్పుడు డాక్టరు తెర వాళ్ళ వైపు తిప్పింది. బూడిద రంగు మబ్బులో వడ్లగింజంత చోటు మిణుకుమిణుకుమంటోంది. ఆవిడ తన పిడికిలి పైకెత్తి, మూసి తెరిచి, మూసి తెరిచి చూపించింది. కొట్టుకుంటోంది అని. తర్వాత చెంప కింద అరచెయ్యి పెట్టుకుని, పడుకోవాలని చూపింది. అట్ట మీద వేలుతో రెండుసార్లు తట్టింది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. భర్త వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది, నువ్వు కాదు అన్నట్టు. ఖాళీ గూళ్ళ సంగతి కళ్ళజోడమ్మ ముందే చెప్పేసిందన్నమాట.

మర్నాటి నుంచి మగ్గం వెనక కళ్ళజోడమ్మే కూర్చుంది. దారాల మూటలతో ఆమెకి పక్కనే పరుపు వేశారు. పడుకునే కళ్ళతో లెక్కపెట్టి, చెంచాతో బల్ల కాలి మీద కొట్టేది. ఆ రోజంతా మరక కనిపిస్తూనే ఉంది. ఐదో రోజు పొద్దున కనిపించలేదు. కనిపించలేదని నమ్మడానికి నాలుగుసార్లు చూసుకుంది. అదే రోజు పెట్టె కూడా వచ్చింది, మూల సొట్టపడి.

మధ్యాహ్నం కళ్ళజోడమ్మ ఆఫీసు ఫోను తెచ్చి, తాడు పొడుగ్గా లాగి అతని చేతిలో పెట్టింది. ఇంటికి ఒకసారి మాట్లాడుకోమని. అతను వాళ్ళక్కకి కలిపాడు. పరుపు మీద ఆమె తల ఎత్తి చూసింది. రెండుసార్లూ మొదటి కబురు వెళ్ళింది ఆ అక్కకే. ఫోనులోంచి ఆడపడుచు గొంతు పరుపు దాకా వినిపించింది, ఏంట్రా విశేషాలు అని.

అతను భార్య వైపు చూశాడు. నోరు తెరిచాడు. మూశాడు.

“విశేషమంటే, అక్కా,” అన్నాడు, “మా పెట్టె ఒకటి తప్పిపోయింది.”

ఇక ఆ పెట్టె కథ ఎత్తుకున్నాడు. బల్ల దగ్గరి అమ్మాయి, రబ్బరు తెరలు, మూడు వేళ్ళు చూపినవాడు, సొట్టపడ్డ మూల, పావుగంట చెప్పాడు. ఇంకేమీ చెప్పలేదు. ఫోను పెట్టేసి నుదురు తుడుచుకుంటే చెయ్యి తడిసింది.

“మూడు వేల దారాలు లాగడం నయం,” అన్నాడు మగ్గం ముందు కూర్చుంటూ.

“మూడు నెలలు నిండడానికి ఇంకా ఐదు వారాలుంది,” అంది ఆమె.

కొక్కెం సందులోకి దూరింది. ఆమె లెక్కపెట్టింది. నలభై కాగానే చెంచాతో టక్కున కొట్టింది.

రాసింది: కండెలమ్మ. అందరూ అలాగే పిలుస్తారు. వయసు అరవై ఏడు. ఇప్పుడు ఉంటున్నది పెద్దకూతురి ఇంట్లో, మేడ మీది గదిలో.