ముందు నీళ్లు

మా ఆయన కెమిస్ట్రీ లెక్చరరు. కూరలో ఉప్పు ఎక్కువైందని అందరిలా అనరు, గాఢత పెరిగిందంటారు. గిన్నె ఎందుకు మాడిందో చక్కగా విడమరుస్తారు, తోమమంటే మాత్రం పేపరు అడ్డం పెట్టుకుంటారు. డిగ్రీలో నేనూ అదే సబ్జెక్టు వెలగబెట్టానన్న సంగతి, నా పుట్టినరోజులాగే, ఆయనకు గుర్తుండదు.

ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదనుకునేది ఒక్క మా ఆడపడుచే. ముందుగదిలో గడియారాలు బాగుచేస్తుంది. కుడికంటికి భూతద్దం బిగించుకుని కూర్చుందంటే ఇల్లు కూలినా తలెత్తదు. గోడగడియారాల్లో బ్యాటరీలు కారి, రేకుల మీద తెల్లగా పొడి పట్టేది.

"బ్యాటరీలో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడు. క్షారం. కాస్త వెనిగర్ అద్దు, అదే దిగొస్తుంది" అన్నారు అన్నగారు.

అద్దింది. పొడి నురగలు కక్కి వదిలింది, గడియారం నడిచింది. అప్పట్నుంచి ఆమె బల్ల మీద వెనిగర్ సీసా శాశ్వతంగా తిష్ఠ వేసింది.

ఆ ఆదివారం వంటింటి సింకు గొట్టం పూడుకుపోయింది. ప్లంబరును పిలుద్దామన్నాను.

"జిడ్డంటే ఏంటి? కొవ్వు. కాస్టిక్ సోడా పడితే సబ్బైపోయి కొట్టుకుపోతుంది. దీనికి ప్లంబరెందుకే?"

"సరే, చన్నీళ్లలో కొంచెం కొంచెంగా వేసి కలపండి. అది కరిగేటప్పుడే కుతకుతలాడుతుంది."

"నాకు చెప్తున్నావా?"

చెప్పడం నా తప్పేనని బట్టలు ఆరెయ్యడానికి మేడెక్కాను. ఆయన సోడా బిళ్లలన్నీ పొడిగానే గొట్టంలో గుమ్మరించి, పైన మరిగే నీళ్లు పోశారు. టార్చి పట్టుకోమని చెల్లెల్ని పిలిచారు. ఆమె వంగి చూసింది. గొట్టం ఒక్కసారిగా పైకి చిమ్మింది.

కేక విని దిగొచ్చాను. ఆడపడుచు కుడికన్ను అరచేత్తో మూసుకుని స్టూలు మీద ఊగిపోతోంది. ఆయన కొలగ్లాసులో వెనిగర్‌కి నీళ్లు కలుపుతున్నారు. సగం బల్ల మీదే పోతోంది.

"కడుక్కోలేదేమే?"

"అన్నయ్య ఆగమన్నాడు వదినా."

"ఉండవే, ఇదీ క్షారమే, వెనిగర్ పలచన చేస్తున్నా! ఘాటుగా పోస్తే కన్ను—"

మాట పూర్తికానివ్వలేదు. ఆమెను స్నానాలగదిలోకి ఈడ్చుకెళ్లి, తల కొళాయి కింద పెట్టి, రెప్ప వేళ్లతో విడదీసి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి రక్కేసింది. ఆటోలోనూ బిందెలోంచి పోస్తూనే ఉన్నాను. అయినా ఆలస్యమైంది. క్షారం కంట్లోని కొవ్వును సబ్బు చేసుకుంటూ లోపలికి దారి తీసుకుంటుంది. గొట్టంలో జరగాలని ఆయన కోరుకున్నదే చెల్లెలి కంట్లో జరిగింది.

పలకరించడానికి వచ్చినవాళ్లందరితో ఆయన ఒకటే మాట: "రుద్దేసుకుందండీ. రుద్దకపోతే ఇంతయ్యేది కాదు."

పక్కగదిలో ఆమె వింటూనే ఉండేది. నేను నోరు తెరవబోతే కొంగు పట్టుకుని లాగేది. కట్టుతోనే భూతద్దం ఎడమకంటికి పెట్టుకుని స్క్రూ బిగించబోయేది. స్క్రూ జారిపోయేది. నేల మీద తడుముకుంటూ, "దీనికి నా మీద కోపమొచ్చింది వదినా" అని నవ్వబోయేది. నాకు నవ్వొచ్చేది కాదు. ఆయన ఆ గదిలోకి రావడమే మానేశారు.

కట్టు విప్పేరోజు ముగ్గురం వెళ్లాం. డాక్టరుగారు లైటు వేసి చాలాసేపు చూశారు. నల్లగుడ్డు మీద పాలు ఒలికినట్టుంది.

"ఈ కంటికి చూపు రావడం కష్టమమ్మా" అన్నారు డాక్టరుగారు. తర్వాత కాస్త విసుగ్గా, "రుద్దారని మీ అన్నగారు చెప్పారు. చదువుకున్నవాళ్లు, అంతమాత్రం తెలీదా?"

"పొరపాటైపోయిందండీ" అంది ఆడపడుచు, తల వంచుకుని.

మా ఆయన కుర్చీలోంచి లేచారు.

"అది రుద్దలేదండీ. కొళాయి దగ్గరికి పరిగెత్తబోతే నేనే ఆపి కూర్చోబెట్టాను. తప్పు నాది."