టెంపరింగ్ కాని అచ్చు

నాచారంలో ఉక్కును కాల్చి గట్టిపరిచే ఒక చిన్న కార్ఖానాలో స్వర్ణలతది పరీక్షల గదిలో ఉద్యోగం. అక్కడే ఫర్నేస్ నడిపేది ఆమె అన్న కనకరాజు. అమ్మానాన్నలు పోయాక ఆమెను చదివించిందీ, పక్క వీధిలో రేకులు నొక్కే ప్రెస్ నడిపే జీవన్‌తో పెళ్లి చేసిందీ అతనే.

ఆ జీవన్ శ్రావణంలో పోయాడు. రేకును నొక్కే ఉక్కు అచ్చు పగిలి, ఓ ముక్క ఎగిరొచ్చి మెడలో దిగింది. దవాఖానాకు చేరేలోపే ప్రాణం పోయింది.

కర్మలు ముగిశాక ఆ పగిలిన అచ్చు, దాన్ని గట్టిపరిచిన ఈ కార్ఖానాకే పరీక్షకు వచ్చింది.

"నువ్వు చూడొద్దమ్మా. బయటికి పంపిస్తాను" అన్నాడు కార్ఖానా యజమాని జగన్మోహన్.

"నేనే సూస్త సార్. ఆయన ఎందుకు పోయిండో నాకు తెల్వాలె."

ఆమె చిన్న ముక్క కోసి, అద్దంలా మెరిసేదాకా అరగదీసి, ఆమ్లం పూసింది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన ఉక్కు గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ తక్కువ వేడిలో ఉంచితేనే ఆ పెళుసుతనం తగ్గి దెబ్బకు ఓర్చుకుంటుంది. దాన్నే టెంపరింగ్ అంటారు. అది జరిగిన ఉక్కు ఆమ్లం తగలగానే నల్లబడుతుంది. ఈ ముక్క తెల్లగానే ఉండిపోయింది. సూక్ష్మదర్శినిలో పెళుసు ఉక్కుకు ఉండే సూదుల్లాంటి గీతలు కనిపించాయి.

ఆమె తలెత్తి చూసింది. తలుపు దగ్గర అన్న నిలబడి ఉన్నాడు.

"అన్నా, దీన్ని టెంపరింగ్ చెయ్యలేదు."

కనకరాజు గోడకు ఆనుకున్నాడు.

"నూనెల నుంచి తీసిన. గప్పుడే కరెంటు పోయింది. బావ వచ్చి నిలబడ్డడు చెల్లె. ప్రెస్సు ఆగింది, ఆర్డరు పోవాలె, జల్ది ఇయ్యి బావా అన్నడు. జర ఆగు, పలుగుతది అని చెప్పిన. గీ ఒక్క ఆర్డరు అయినంక మళ్ల తెస్త అన్నడు. నవ్వుకుంట తీస్కపోయిండు. నేను గుంజుకోలె."

నవ్వుకుంటూ ఆ అచ్చును చంకన పెట్టుకుని బండి ఎక్కే జీవన్ స్వర్ణలత కళ్ల ముందు కదిలాడు. బల్లమీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. కనకరాజు ఆమె తలమీద చెయ్యి వెయ్యబోయి, మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు.

"రిపోర్టుల ఉన్నది ఉన్నట్టు రాయి చెల్లె" అన్నాడు.

ఆమె అలాగే రాసింది. కనకరాజు ఫర్నేస్ పని మానేసి, దగ్గర్లోని గోదాములో పెట్టెలు మోసే పనికి కుదిరాడు.

ఒకరోజు రామంతాపూర్‌లోని ఆమె ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"నన్ను తిట్టు. కొట్టు. గిట్ల ఊకోకు."

"తిట్ట బుద్ధి గాదన్నా. ఆయన తప్పు గూడ ఉన్నదని తెలుసు. కానీ నిన్ను సూస్తే ఆ అచ్చే యాదికొస్తది. ఏం జెయ్యాలె?"

అతను ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఉప్పల్ చౌరస్తాలో ఇద్దరూ రోజూ ఒకే షేర్ ఆటో ఎక్కుతారు. ఆమె వెనక సీట్లో, అతను డ్రైవర్ పక్కన. గోదాము దగ్గర ముందు అతనే దిగుతాడు.

"పైలంగ పో చెల్లె" అంటాడు, వెనక్కి తిరగకుండానే.

ఆమె తలూపుతుంది. అది అతనికి కనబడదు.