చేదాకు తిన్న పోతుపిల్ల

ఏ చెట్టు ఎందుకు పుట్టిందో, ఏ పురుగు ఎవరి కోసం పుట్టిందో చెప్పగలిగిన మనిషి షాద్‌నగర్ చుట్టుపక్కల నేనొక్కడినే. ఏడో తరగతి చదివినవాణ్ణి మరి! ఆ సంగతి ఒప్పుకోనివాడు మా ఊళ్లో ఒక్కడే, మేకల ఎల్లేశం.

రాష్ట్రం వచ్చిన నాలుగేండ్లకు, సీతాఫలాలు కళ్లు తెరిచే రోజులవి. ఒకనాడు పొద్దు బారెడెక్కేసరికి ఎల్లేశం గుట్ట సగం ఎక్కాడు. ముందుకు వంగిన నడుము, ఎండకు వెలిసిపోయిన తలరుమాలు, ముళ్లు గీసి గీసి చెట్టు బెరడులా మారిన పిక్కలు. దోటి ఎత్తి రేగుకొమ్మను వంచితే మేకలు ముంగాళ్లు లేపి ఆకు లాగుతున్నాయి. పెండ్లికి ముందూ అదే పని, పెండ్లాం పోయాకా అదే పని. పిల్లలు లేరు.

ఆ గుట్ట నిండా సీతాఫలం చెట్లే. అక్కడి పండు ఒకటి తింటే మూడు రోజులు ఆకలి కాదు, కావాలంటే నన్నడగండి. మేక మాత్రం ఆ చెట్టు దగ్గరికి పోయి, వాసన చూసి, తుమ్మి మళ్లిపోతుంది. ఆకు నూరి పశువుల పుండు మీద పెడితే పురుగులు రాలిపడతాయి, అంత ఘాటు. పేదవాళ్లకు పండు దక్కాలనే దేవుడు ఆకును చేదు చేశాడని నా వాదన.

"దేవుడు చెయ్యలే, మల్లన్నా. తినబుద్ధైన చెట్లన్నీ మా నాయిన మేకలు బుక్కినయ్, నా మేకలు బుక్కినయ్. నోటికి వట్టనిది మిగిలింది. మిగిలినదాన్ని జూసి నువ్వు దేవుడంటున్నవ్" అనేవాడు ఎల్లేశం.

"మరి మేకనెవలు పుట్టిచ్చిండ్రు?"

"గది నన్నడుగుతవేంది? ఏడు సదివినోనివి నువ్వు!"

ఆ ఏడు ఉగాదికి పుట్టిన తెల్లచెవుల పోతుపిల్ల మా ఇద్దరి నోళ్లూ మూయించింది. వానలు పడి చెట్లు చిగురించగానే అది సీతాఫలం ఆకు నమలసాగింది. ఎల్లేశం మొదటిసారి నోట్లో వేలు పెట్టి ఆకు లాగేశాడు, నురుగు కక్కుతుందేమోనని రాత్రంతా పక్కనే కూర్చున్నాడు. అది హాయిగా నెమరేసి పడుకుంది. మర్నాడు మళ్లీ తిన్నది.

మందకు ఒక్క పోతునే విత్తనానికి ఉంచుతారు. మిగతా పోతుపిల్లలు కోతకు పోవలసిందే. పాత పోతు ముసలిదైంది. వారంలో బేరగాడు రఘుపతి వస్తాడు. ఉంచేదేదో అప్పటికి తేలాలి.

ఆనాటి మధ్యాహ్నం గుర్వమ్మ గంప దించి ఎల్లేశం ఎదురుగా కూర్చుంది. వరుసకు మరదలు. గుట్ట మీది పండే ఆమెకు ఏడాది బియ్యం.

"బావా, గా తెల్లచెవులదాన్ని రఘుపతికిస్తున్నవా, లేదా?"

"దాని మీద నీకెందుకే గంత పగ?"

"దాని బుద్ధి దాని పిల్లలకొస్తే? మందకు మంద చెట్ల మీద వడితే నేనేం అమ్ముకోవాలె, రాళ్లా?"

"వాన మొకం చాటేసిన ఏడు గడ్డి లేవది, రేగు చిగురెయ్యది. గీ చెట్టు గింతంత జల్లుకే పచ్చవడ్తది. నా మందల కొన్నన్న బతుకుతయ్ గద."

"మేకలు బతుకుతయ్. మరి నేను?"

ఎల్లేశం దోటి కొనతో పోతుపిల్లను చూపించాడు. అది బండ పక్కన కొమ్మ వంచుకొని తీరిగ్గా నములుతోంది.

"అది నీ మీద పగతోటి తింటలేదు, గుర్వమ్మా. నన్ను సాదాలనీ తింటలేదు. దాని నోటికి వట్టింది, తింటాంది."

"దానికి తెల్వది. నువ్వు తెలిసే ఉంచుతున్నవ్."

"ఉంచుతున్న. నీ చెట్లకాడికి రాకుంట నేను కాస్త."

"నువ్వున్నన్ని దినాలు కాస్తవ్" అని ఆమె గంప నెత్తికెత్తుకొని దిగిపోయింది.

పొద్దు గూకకముందే మేకలు వాటంతటవే ఊళ్లోకి వచ్చాయి. వెనక మనిషి లేడు. నేనూ గుర్వమ్మా ఎక్కి చూశాం. ఎల్లేశం బండకు ఆనుకొని, గడ్డం ఛాతీకి తగిలించి కూర్చున్నాడు. కునుకు తీస్తున్నాడనుకొని గుర్వమ్మ రెండుసార్లు పిలిచింది.

దినాలకు వచ్చిన ఎల్లేశం తమ్ముని కొడుకు సురేశ్ మందనంతా రఘుపతికి బేరం పెట్టాడు. ట్రాలీలోకి ఎక్కించే ముందు గుర్వమ్మను అడిగాడు.

"పిన్నీ, పెద్దనాయిన దేన్నన్న ఉంచుమన్నడా?"

గుర్వమ్మ పోతుపిల్ల వైపు చూసింది. అది ట్రాలీ అంచు నాకుతోంది.

"ఏం జెప్పలే, బిడ్డా."

దాన్ని ఉంచుతానని ఎల్లేశం గుట్ట మీద తనతో అన్న సంగతి తర్వాత ఆమే నాతో చెప్పి ఏడ్చింది. ఆ ఏడు పండు బాగా కాసింది. ఆ పిల్ల ఎందుకు పుట్టిందని అడిగితే నాకు తెలియదు. ఏడో తరగతి అన్నాను గానీ, పంతులు బెత్తానికి జడిసి మూడులోనే బడి ఎగ్గొట్టినవాణ్ణి, నాకేం తెలుస్తుంది!

చివరగా ఒక్క మాట. ఎల్లేశం నీళ్ల సీసా ఆ బండ నీడలోనే ఉండిపోయింది. పది రోజుల తర్వాత నేను పోయి చూస్తే చల్లదనానికి తడిపి దాని చుట్టూ కట్టిన గోనెగుడ్డ ఇంకా తడిగా ఉందని ఊరంతా చెప్పాను. ఆ తడి కూడా నేను కల్పించిందే. గుడ్డ ఎండి అట్టకట్టింది. సీసాలో నీళ్లు మాత్రం సగానికి ఉన్నాయి.