మూడోసారి తర్వాత

శ్రావణ శుక్రవారం పూజ ముగించి, శకుంతల ప్రసాదం ఇంకా నోట్లో వేసుకోకముందే ఫోన్ మోగింది. గల్ఫ్‌లో, అబూ హమూర్‌లో వాళ్ళుండే కాంపౌండ్ చివరి విల్లాలో ఉండే ఘనా నర్సు ఎసినామ్ చేసింది. ఆమె తమ్ముడు సెలోమ్ పోయిన వారం కూలీల క్యాంప్‌లో నిద్రలోనే కన్నుమూశాడు. ఈ సాయంత్రం విమానంలో శవాన్ని వాళ్ళ ఊరికి పంపుతున్నారు. అంతకుముందు వాళ్ళ పద్ధతిలో డోళ్ళు వాయించి సాగనంపాలి. గంట కొట్టే అతనికి కంపెనీ సెలవివ్వలేదు. ఆ వరస తెలిసింది నీకొక్కదానికే, రావాలి అంది ఎసినామ్.

భర్త సుధాకరరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"పసుపు కాళ్ళతో చావింటికి గంట కొట్టడానికి వెళ్తావా?"

"దేహం అక్కడ లేదండీ. ఆసుపత్రిలోనే ఉంది."

"దేహం లేకపోతే మైల లేదా?"

"ఏమోనండీ. అమ్మవారికి చెప్పే వెళ్తున్నాను. వచ్చి తలస్నానం చేస్తాను."

ఆయన లేచాడు. ఆమె చెప్పులు తలుపు దగ్గరికి జరిపాడు.

ఎసినామ్, ఆమె అన్న మవూలి చలికాలం నుంచీ తమ హాల్లో శుక్రవారాలు డోలు, నాట్యం నేర్పుతున్నారు. మవూలి సెక్యూరిటీ గార్డు. శకుంతలను మామా అని పిలుస్తాడు. వాళ్ళ దగ్గర తల్లివంటి వాళ్ళను అలాగే అంటారట. మొదటిసారి విన్నప్పుడు సుధాకరరావు, "ఇన్నాళ్ళకు నీకు అల్లుడు దొరికాడు. మరి నన్నేమంటాడు, అత్తా అనా?" అని ఆటపట్టించాడు.

ఆ వాయిద్యాల్లో గంటది చిత్రమైన పని. రెండు నోళ్ళున్న ఇనుప గంట, లోపల నాలుక ఉండదు, పుల్లతో కొట్టాలి. మొదటి నుంచి చివరి వరకు ఒకటే వరస. పూసల వల అల్లిన సొరబుర్రలు, చిన్న డోళ్ళు, ఆడేవాళ్ళ పాదాలు, అన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి. వరస శకుంతలకు తొందరగానే పట్టుబడింది. చిక్కు ఇంకోచోట వచ్చింది. ఆమె సామర్లకోట భజన మందిరంలో, మృదంగం వాయించే తండ్రి పక్కన తాళం వేస్తూ పెరిగింది. మృదంగం ఒకే ముక్కను మూడుసార్లు పలికిందంటే అది ముక్తాయింపు. మూడోది పూర్తయ్యే చోట తాళం ఆగాలి. ఆగకపోతే నాన్న కళ్ళెర్రజేసేవాడు. ఇక్కడ మవూలి పెద్ద డోలు మీద ఒక ముక్కను మూడుసార్లు అనగానే ఆమె చెయ్యి దానంతటదే ఆగిపోయేది. దానితో అంతా కూలబడేది. నేనింకా ముగించలేదు మామా, మాఫీ ముష్కిల్, ఏం ఫరవాలేదు, మళ్ళీ మొదలుపెడదాం అని నవ్వేవాడు. చివరికి ఆమెకు సొరబుర్ర ఇచ్చారు.

ఆ రోజు మవూలి నవ్వలేదు. హాల్లో సోఫాలు గోడలకు జరిపి ఉన్నాయి. డ్యూటీ బట్టల్లోనే వచ్చిన మనుషులు డోళ్ళ వెనక కూర్చున్నారు. మధ్యలో స్టూలు మీద సెలోమ్ ఫోటో, దానికి ఆనించిన ఫోను. అందులో వాళ్ళమ్మ.

"అమ్మకు చూపు లేదు. వినడమే," అన్నాడు మవూలి ఇంగ్లీషులో, మెల్లగా. "గంట ఆగిందంటే తమ్ముడికి దారి తెగిందనుకుంటుంది. ఆగకు, మామా."

ఈ ఒక్కరోజూ ఆ ముక్క మూడుసార్లు వాయించకుండా ఉండలేవా అని శకుంతల బతిమాలుతున్నట్టే అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఈ రోజు అది వాడి పేరు."

గంట మొదలైంది. సొరబుర్రలు అందుకున్నాయి, చిన్న డోళ్ళు వచ్చి చేరాయి. ఎసినామ్ వంగి, మోచేతులు రెక్కల్లా ఆడిస్తూ ముందుకు వచ్చింది. శకుంతల చూపు పుల్ల మీద నుంచి కదల్లేదు. అరచేయి చెమటకు పుల్ల జారుతోంది.

పెద్ద డోలు పేరు పలికింది. మళ్ళీ పలికింది. మూడోసారి. పళ్ళు బిగపట్టి దాటేసింది. దాటానన్న ఊరటతో ఊపిరి తీసుకుంది. అంతలో డోలు మళ్ళీ ఎత్తుకుంది. ఒకటి, రెండు, మూడు.

చెయ్యి ఆగిపోయింది.

సొరబుర్రలు చెదిరాయి. ఒక చిన్న డోలు దారి తప్పి ఊరుకుంది. ఫోనులో ముసలామె ఏదో అడిగింది, ఒక్క మాట. మవూలి చేతులు గాల్లోనే ఉన్నాయి.

ఎసినామ్ మాత్రం ఆగలేదు. ఏ వాయిద్యమూ లేకుండా, కళ్ళు మూసుకుని, ఉత్త పాదాలతో పాలరాతి మీద ఆడుతూనే ఉంది. ఆమె మడమ నేలను తాకిన చోట గంట వరస మొదలవుతుందని శకుంతలకు తెలుసు. మడమ దిగేదాకా చూసి కొట్టింది. తర్వాతి దెబ్బ పడింది. ఆ తర్వాతిదీ పడింది. సొరబుర్రలు వచ్చాయి. డోళ్ళు వచ్చాయి.

కొడుతూ ఉంటే నాన్న గుర్తొచ్చాడు. పాడెను దారిలో దించి, చెవి దగ్గర మూడుసార్లు పిలిచానని అన్నయ్య ఇంటికొచ్చి చెప్పాడు. దింపుడు కళ్ళం దగ్గర అంతే పిలుస్తారు. పలకలేదు, ఎత్తేశారు. నాలుగోసారి పిలిస్తే ఏమవుతుంది? అన్నయ్యను అడగలేదు. అమ్మవారిని కూడా ఎప్పుడూ అడగలేదు. పెద్దవాళ్ళు పెట్టిన లెక్కకు కారణం ఉండే ఉంటుంది. అయినా ఆ క్షణంలో ఆమె ఎవరి లెక్కా వెయ్యదలుచుకోలేదు.

డోలు పిలిచింది. మూడోసారి దగ్గర భుజం బిగిసింది, మణికట్టు పట్టేసినట్టయింది. అయినా పుల్ల దిగింది. నాలుగోసారి. అయిదోసారి. ఆ తర్వాత ఆమెకు తెలియలేదు. మవూలి పిలుస్తూనే ఉన్నాడు, చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

అప్పుడు ఫోనులోంచి ముసలామె పలికింది. పిలుపుకు ఎవరైనా పలికినట్టే, నిదానంగా, గట్టిగా. పేరు పిలిచిన ప్రతిసారీ పలికింది. కొడుకు బదులు తల్లే పలుకుతోందని శకుంతలకు భాష రాకపోయినా అర్థమైంది.

మవూలి తల ఎత్తి ఫోటో వైపు చూశాడు. డోలు మీద కొత్త ముక్క ఎత్తుకున్నాడు.

బయట, విమానాశ్రయానికి తీసుకెళ్ళడానికి వచ్చిన వ్యాను హారన్ మోగింది. ఎవరూ లేవలేదు. శకుంతల గంట మోగిస్తూనే ఉంది.