గరుకు చెక్క

వడ్రంగికి ఒకటే జబ్బు. తన చేతిలోంచి వెళ్ళే చెక్క ఏదయినా సరే, చీమ కాలు జారేంత నున్నగా ఉండాలి. ఆ జబ్బే ఈసారి కొంప ముంచింది.

వాళ్ళ కుక్కని అందరూ వణుకు అని పిలిచేవాళ్ళు. గరిటె కింద పడితే వణికేది, గొడుగు విప్పితే మంచం కింద దూరేది. అలాంటిదాన్ని మోటారుసైకిలొకటి గుద్ది వెనక కాలు విరిచింది. ఎముక అతికింది గానీ కాలు కింద మోపదు. "నెల రోజుల్లో ఆ కాలిమీద బరువు వెయ్యకపోతే కండ కరిగిపోతుంది, ఇక జన్మంతా కుంటడమే" అన్నాడు డాక్టరు. ఊగే చెక్క ఎక్కించి కసరత్తు చేయించమన్నాడు.

వడ్రంగి ఊరుకుంటాడా? టేకు పలక తీసి, అడుగున గుండ్రటి దిమ్మ బిగించి, మూడు పూతలు పాలిష్ కొట్టాడు. వణుకుని ఎత్తి దానిమీద పెట్టాడు. గోళ్ళు జర్రున జారాయి, చెక్క ఠప్పున నేలకి కొట్టుకుంది, కుక్క మంచం కిందకి పోయింది. ఆ రోజంతా తిండి ముట్టలేదు.

"కసరత్తుకా, ముఖం చూసుకోడానికా నాన్నా ఇది?" అంది పశువుల ఆస్పత్రిలో పనిచేసే కూతురు. "పైగా ఎత్తి పెడతావా? నిన్నెవరైనా ఎత్తి తాడుమీద నిలబెడితే?"

"మరేం చెయ్యమంటావే?"

"ముందు గరుకు చెయ్యి. దానంతటది వచ్చేదాకా ముట్టుకోకు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పెట్టు."

సొంత పాలిష్ మీద ఆకురాయి ఆడించడమంటే కన్నబిడ్డ చెంప గీరినట్టే. పళ్ళు బిగబట్టి గీశాడు. పైన పాత రబ్బరు పట్టా అంటించాడు. ఊగకుండా రెండు పక్కలా గుడ్డలు కుక్కాడు.

ఇక ఉడికించిన కోడిమాంసం శనగగింజంత ముక్కలు చేసుకుని కూర్చున్నాడు. చెక్కవైపు చూస్తే ఓ ముక్క. వాసన చూస్తే ఇంకోటి. ముందరి కాలు పెట్టిన రోజున ఏకంగా మూడు. వెనక్కి పోతానంటే పోనిచ్చాడు. నలభై ఏళ్ళు కొయ్యని లొంగదీసిన చేతులు ఒళ్ళో ఊరికే ఉండటం నేర్చుకున్నాయి. దాని భయం తగ్గేకొద్దీ గుడ్డ ఒక్కో మడతా తీశాడు.

ఇరవై ఆరో రోజున, తను చెయ్యమన్న తలుపు ఎంతవరకొచ్చిందో చూద్దామని ఒక ఆసామి వచ్చాడు. వడ్రంగి చిత్రిక పడుతూనే జవాబు చెబుతుంటే వెనకాల ఠప్పుమంది. తిరిగి చూశాడు.

వణుకు! ఎవరూ పిలవకుండానే ఎక్కింది. నాలుగు కాళ్ళూ చెక్కమీదే. చెక్క అటు ఒరిగితే విరిగిన కాలు గట్టిగా తన్నిపట్టి నిలబడింది. మళ్ళీ ఠప్. బెదరలేదు సరికదా, "నా ముక్కేదీ?" అన్నట్టు చూసింది.

"అమ్మాయ్, తొందరగా రా!"

కూతురు పరుగున వచ్చి మోకాళ్ళమీద కూలబడి చూసింది. "బరువంతా వేస్తోంది నాన్నా!"

ఆసామి చెక్కని ఎగాదిగా చూశాడు. "ఇదీ మీ చేతి పనేనా? ఇంత మోటుగా ఉందేంటండీ?"

వడ్రంగి మీసం దువ్వాడు. "ఇంతకన్నా నికార్సయిన పని నా చేతుల్లో పుట్టలేదండీ. మీ తలుపుతో సహా."